పెరటిలోని పాటల గది

సత్యవేడు నుండి చెన్నపట్టణమునకు దారి సుమారు 70 కిలోమీటర్లు. ఊత్తుకోట చేరితిమా, తమిళదేశమే. 1960వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ వరకును ఈ సీమ మదరాసు రాష్ట్రమున చెంగల్పట్టు జిల్లాలో నుండెను. సరిహద్దుల మార్పు శాసనము ననుసరించి ఆ దినమున ఆంధ్రప్రదేశ్‌లో చేరి చిత్తూరు జిల్లాకు చెందినది. 2022 నుండి తిరుపతి జిల్లాలో నున్నది. జిల్లాలు మారినవి గాని చెవులు మారలేదు. 1938 జూన్ 16న మదరాసు రేడియో కేంద్రము ప్రసారముల నారంభించిన నాటినుండియు ఈ ప్రాంతమునకు దగ్గరి గొంతుక ఆ పట్టణమునదే. నేడు తెలుగుగంగ కాలువనీరు ఈ సత్యవేడు ప్రాంతమును దాటి, ఊత్తుకోట కడ ఎల్లను మీరి పూండి జలాశయమునకు పోవుచున్నది. నీరు అటు పోవును, పాట ఇటు వచ్చును.

రేడియోలో పాట వేయుటకు ముందు చిత్రము పేరు చెప్పుదురు. పాడినవారిని, వ్రాసినవారిని, స్వరపరచినవారిని పేర్కొందురు. ఆ పాట ఏ గదిలో ముద్రితమైనదో మాత్రము ఎవ్వరును చెప్పరు. వినువారు అడుగనూ అడుగరు. అయితే గది స్వభావమునుబట్టి పాట స్వభావము మారును. అది అద్దె గదియా, సొంత గదియా అనుదానిని బట్టి మరింత మారును. అట్టి యొక గది కథను ఈ ప్రసంగమున చెప్ప నెంచితిమి. అది చెన్నపట్టణమున కోడంబాకములో ఒక ఇంటి పెరటిలో వెలసినది. దాని పేరు పంచతన్ రికార్డ్ ఇన్. కట్టించినవాడు అప్పటికి ఇరువది రెండేండ్లవాడు. సినిమా వాద్యబృందములలో కీబోర్డు వాయించుచు, తక్కిన వేళల మిత్రులతో గూడి రాక్ సంగీతము వాయించువాడు. ఆతడే ఎ. ఆర్. రహమాన్.

రాక్ అనగా విద్యుత్ గిటారు, డ్రమ్ములు, దిట్టమైన ధ్వని ఆధారముగా 1950, 60 దశకములలో అమెరికా, ఇంగ్లండు దేశములలో ప్రబలిన సంగీతము. మన పెద్దలు కొందరు దానిని రొద యందురు. వారితో తగవు మాకక్కరలేదు. ఈ కథలో ఆ సంగీతమునకు గల ప్రసక్తి వేరు. నలుగురు యువకులు ఒక చోట చేరి, ఎవరి అనుమతియు లేక, తప్పులు చేయుచు, మరల మరల వాయించి చూచుకొనుట ఆ సంగీతపు జీవము. దానికి చోటు కావలెను; చోటు కంటె ముఖ్యముగా గడియారము చూడనక్కరలేని కాలము కావలెను.

సినిమా పాటకు ఆ కాలము ఉండెడిది కాదు. వడపళని, సాలిగ్రామముల రికార్డింగు థియేటర్లలో పని యంతయు కాల్‌షీటు మీద నడచెడిది. ఉదయమున కొన్ని గంటలు ఒక కాల్‌షీటు, మధ్యాహ్నము మరొకటి. థియేటరునకు బాడుగ, వాద్యకారులకు వేతనము, రెండును ఆ లెక్కనే. 1950, 60 దశకములలో గాయకుడును, వయొలిన్లవారును, తబలావారును, వేణువువారును ఒకే సమయమున ఒకే కప్పు క్రింద కూడి పాట నాద్యంతము వాయింపవలసి యుండెను. చివరి చరణమున ఒకరికి తాళము తప్పినచో మొదటి పల్లవి నుండి అందరును మరల ఆరంభింపవలసినదే. స్వరకర్త కన్ను ఒకటి వాద్యకారులమీదను, ఒకటి గోడ గడియారముమీదను ఉండెడిది. కాలము నిర్మాత సొత్తు.

టేపును కూడ సొత్తుగనే చూచెడివారు. అది ఖరీదైన వస్తువు. పాటను ఫిల్మునకు, గ్రామఫోను రికార్డునకు ఎక్కించిన పిమ్మట ఆ టేపును చెరపి మరియొక పాటకు వాడుకొనుట ఆచారము. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రమునకై ముద్రితమైనది. ఆయనకు ఆ అవకాశ మిచ్చిన సంగీతదర్శకుడు ఎస్. పి. కోదండపాణి, విజయా గార్డెన్సు ఇంజనీరును అడిగి ఆ టేపును కొంతకాలము చెరపనీయక నిలిపించెను. కొత్త గాయకుని గొంతును ఇతర సంగీతదర్శకులకు వినిపించుటకు అదియే సాధనమైనది. తరువాతి కాలమున బాలసుబ్రహ్మణ్యం చెన్నపట్టణమున సొంతముగా నొక ధ్వనిముద్రణశాలను నెలకొల్పి, దానికి కోదండపాణి ఆడియో లేబరేటరీస్ అని పేరు పెట్టుటలో ఆశ్చర్యమేమున్నది? ఒక టేపు చెరిగిపోకుండ కాచినవానికి అంతకన్న తగిన స్మారకము మాకు తోచుట లేదు. ఆయన శ్రీకాళహస్తిలో చదువుకొను దినములలోనే ఒక ఉపాధ్యాయుడు ఆయన పాటను టేపురికార్డరుపై పట్టెనందురు. పాఠశాలలో నొక టేపురికార్డరు ఉండుట ఆనాడు ఎంత అపురూపమో, దాని ముందు నిలిచిన బాలునికి తన గొంతు తానే వినుట ఎంతటి విడ్డూరమో పాఠకులు ఊహించుకొనవచ్చును.

ఇంటిలోనే ధ్వనిముద్రణశాల యనునది మన దేశమున పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో లెస్ పాల్ అను గిటారు విద్వాంసుడు రాక్ సంగీతమునకు ముందుతరమువాడు. ఆయన 1940ల నడుమ హాలీవుడ్‌లో తన ఇంటి మోటారు షెడ్డునే ధ్వనిముద్రణశాలగా మార్చుకొనెను. అప్పటికి టేపు చేతికి రాలేదు. ఒక డిస్కుమీద గిటారు వాయించి ముద్రించి, దానిని వినిపించుచు జతగా వాయించి రెండవ డిస్కుమీద రెంటిని కలిపి ముద్రించెడివాడు. ఇట్లు ఒకే మనిషి ఎనిమిది గిటారులుగా వినవచ్చిన 'లవర్' అను రికార్డు 1948లో వెలువడినది. నడుమ తప్పు దొరలినచో డిస్కులు చెత్తబుట్టకు పోవలసినదే. పిదప గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఒక ఆంపెక్స్ టేపు యంత్రమును బహూకరించెను. 1957లో ఆంపెక్స్ వారు ఆయనకై ఎనిమిది ట్రాకుల యంత్రమును చేసియిచ్చిరి.

ట్రాకు అన నేమి? టేపు వెడల్పును పొలమునకు గట్లు వేసినట్లు నిలువున పాయలుగా విభజింతురు. ఒక్కొక పాయలో ఒక్కొక వాద్యమును వేరువేరుగ, వేరువేరు దినములలో ముద్రింపవచ్చును. గాయకుని పాయను మాత్రము చెరపి, తక్కినవానిని ముట్టకయే మరల పాడించవచ్చును. ఈ సంగతి మన కథలో మరియొకమారు వచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థితులు.

లండనులో జో మీక్ అను నాతడు హాలోవే వీథిలో ఒక తోలుసరకుల దుకాణముపైనున్న వాటాలో ధ్వనులను ముద్రించి, ప్రతిధ్వనికై స్నానాలగదిని కూడ విడువక వాడుకొనెను. ఆ వాటాలో చేసిన 'టెల్‌స్టార్' 1962లో అమెరికా పట్టికలలో మొదటి స్థానమున నిలిచెను. బీటిల్సు బృందములోని పాల్ మెకార్ట్నీ తన తొలి సొంత సంపుటమును ఇంటియందు, మిశ్రమయంత్రమైనను లేక, నాలుగు ట్రాకుల యంత్రమునకు మైకును నేరుగా తగిలించి మొదలుపెట్టెను. అది 1970లో వెలువడినది. 1979లో టాస్కామ్ సంస్థవారు సామాన్య క్యాసెట్టుపై నాలుగు ట్రాకులు ముద్రించు చిన్న పెట్టెను విపణికి తెచ్చిరి. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అను రాక్ గాయకుడు తన పడకగదిలో అట్టి పెట్టె ముందు కూర్చుండి కొన్ని పాటలను చిత్తుప్రతిగా పాడెను. తరువాత పెద్ద శాలలో వాద్యబృందముతో అవే పాటలను ఎంత శ్రమపడి చేసినను పడకగదిలోని బిగువు రాలేదు. తుదకు ఆ క్యాసెట్టునే 'నెబ్రాస్కా' అను పేర ప్రకటించిరి. చిత్తుప్రతియే సాపుప్రతి యైనది.

ఇక కోడంబాకమునకు వత్తము. రహమాన్ 1967 జనవరి 6న జన్మించెను. తొలి పేరు దిలీప్ కుమార్. తండ్రి ఆర్. కె. శేఖర్ మలయాళ చిత్రములకు సంగీతము కూర్చిన విద్వాంసుడు. కుమారునికి తొమ్మిదేండ్ల వయస్సున ఆయన గతించెను. మిగిలిన ఆస్తి ఆయన వాద్యములే. తల్లి ఆ వాద్యములను అద్దెకిచ్చి ఇల్లు నడిపెను. పదునొకండవ యేటనుండి పిల్లవాడే కీబోర్డు పట్టి థియేటర్లకు పోవలసివచ్చెను. చదువు నడుమ నాగినది.

ఈ ఘట్టమున తెలుగువారికి చెప్పుకొనదగిన పాలు కలదు. మన కొండపల్లి రమేశ్ నాయుడు వద్దను, పిమ్మట రాజ్-కోటి ద్వయము వద్దను ఆ బాలుడు వాయించెను. ఇళయరాజా వద్ద, ఎం. ఎస్. విశ్వనాథన్ వద్ద సరేసరి. రాజ్ తండ్రి టి. వి. రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ముగ్గురును సంగీతదర్శకుల బిడ్డలే. 1980లలో రాజ్-కోటి తెలుగు చిత్రములకు మ్రోగించిన హుషారు పాటల వెనుక కీబోర్డు బల్ల కడ మాటాడక కూర్చున్న దిలీప్ ఉండెను. ఆ పాటలను మనము రేడియోలో వింటిమి. ఆ పేరును మాత్రము వినలేదు.

రాత్రులు మరియొక లోకము. డ్రమ్ముల శివమణి మొదలగు మిత్రులతో 'రూట్స్' అను బృందము; అటుపిమ్మట 'నెమెసిస్ ఎవెన్యూ' అను రాక్ బృందము. 1987 నుండి వాణిజ్యప్రకటనల పని దొరకినది. ఆతడు బాణీ కట్టిన తొలి ప్రకటన హైదరాబాదు ఆల్విన్ వారి ట్రెండీ చేతిగడియారములది. కాలమును కొలుచు వస్తువుతో ఆరంభమగుట కేవలము కాకతాళీయమే గాని, ప్రకటనల పనివలన కాలము విలువ ఆతనికి బాగుగ తెలిసియుండును. అర నిమిషపు పాట. దానికి పదిమారులు సవరణలు. ప్రతి సవరణకును అద్దె థియేటరు మెట్లు ఎక్కవలెను. సొంత గది అక్కర ఇచ్చట పుట్టినది.

1980ల చివర పెరటిలో గది లేచినది. గోడలు, కంబళము, ఒక అర, చల్లదనపు యంత్రము సిద్ధమైనవి. అంతటితో డబ్బు అయిపోయినది. ధ్వనిని పెంచు యంత్రము లేదు, దిద్దు యంత్రము లేదు, ముద్రించు యంత్రమే లేదు. ఆ ఖాళీగదిలో ఊరక కూర్చుండెడివాడనని రహమానే తరువాత కాలమున చెప్పుకొనెను. అప్పుడు తల్లి కరీమా బేగం తన నగలను తాకట్టుకై తీసియిచ్చెను. ఆ సొమ్ముతో మొదటి రికార్డింగు యంత్రము ఆ గదిలో అడుగుపెట్టెను. ఆ క్షణమున తన భవిష్యత్తు తనకు కనబడినదని ఆయన అన్నారు. మన ఇండ్లలో నగల తాకట్టు కొత్త సంగతి కాదు. విత్తనములకును, కూతురి పెండ్లికిని, కుమారుని చదువుకును నగలు పోవును. మరలి వచ్చినచో అదృష్టము. ఒక టేపు యంత్రమునకై నగలీయగల తల్లి అరుదు. ఆమె 2020 డిసెంబరులో పరమపదించినది.

ఆ నగలతో కొన్నది యంత్రమును మాత్రమే కాదనుట మా అభిప్రాయము, కొన్నది కాలమును. సొంత గదిలో కాల్‌షీటు లేదు. రాత్రి పదిగంటలకు మొదలిడి తెల్లవారుదాక ఒక మృదంగపు దెబ్బను సవరించుచు కూర్చున్నను అడుగువాడు లేడు. రహమాన్ రాత్రివేళలనే పనికి ఎన్నుకొనుట లోకప్రసిద్ధము. గాయకులు అర్ధరాత్రి కబురందుకొని వచ్చెడివారు. వారిచే ఒకే పంక్తిని పలు రీతుల పాడించి, పిదప ఏది యెచ్చట నుండవలెనో నింపాదిగ కూర్చుకొనుట, వాద్యకారునికి స్వరము వ్రాసియీయక స్వేచ్ఛగా వాయింపనిచ్చి అందులోనుండి నాలుగు బిందువులు ఏరుకొనుట, ఇవి అద్దె థియేటరులో సాధ్యమగు పనులు కావు. మిత్రబృందములో రాత్రులు వాయించి చూచుకొను అలవాటు ఇట్లు సినిమా పాటలో ప్రవేశించినది. దీనికి 1983లో వెలసిన మిడి యను ఏర్పాటు తోడైనది. దానివలన ఒక కీబోర్డు మరొక కీబోర్డును, కంప్యూటరు అన్నింటిని నడుపగలిగెను. ఒక మనిషి రాత్రికి రాత్రి ఒక వాద్యబృందము కాగలిగెను.

ప్రకటనల రంగమువారి పరిచయముతో దర్శకుడు మణిరత్నం ఆ గదికి వచ్చి బాణీలు వినెను. ఫలితము 'రోజా'. 1992 ఆగస్టు 15న విడుదలైన ఆ చిత్రమునకు రహమాన్ అందుకొన్న పారితోషికము 25,000 రూపాయలు. తొలి చిత్రముతోనే జాతీయబహుమతి వచ్చెను. తెలుగు పాటలు రాజశ్రీ వ్రాసిరి. పై ట్రాకుల సంగతిని పాఠకులు ఇచ్చట స్మరింపవలెను. తమిళమున ముద్రించిన వాద్యముల పాయలు అట్లే యుండగా, గొంతు పాయ ఒక్కటి మార్చి తెలుగు పాట చేసిరి. సత్యవేడువంటి ఎల్లగ్రామములలో ఒక వీథిలో తమిళ 'రోజా'యు, ప్రక్క వీథిలో తెలుగు 'రోజా'యు ఒకే వేణువుతో మ్రోగుటకు కారణమిది. ఆ పాటలు తొలిసారి విన్నప్పుడు మాకు తట్టినది రాగము కాదు, శుభ్రత. ఒక్కొక ధ్వని వేరుగ, కడిగిన పళ్ళెములో పెట్టినట్లు వినవచ్చెను. మంద్రస్వరము పాత రేడియోపెట్టె చెక్కను కూడ కదలించెను. 1994లో 'సూపర్ పోలీస్', 'గ్యాంగ్ మాస్టర్' అను నేరు తెలుగు చిత్రములకును ఆయన సంగీతము కూర్చెను గాని, తెలుగువారి హృదయములలో నిలిచినది అనువాదమై వచ్చిన 'రోజా'యే.

ఈ కథకు రెండవ వైపు కలదు. దానిని చెప్పక విడుచుట న్యాయము కాదు.

కాల్‌షీటు స్వరకర్తకు సంకెల. వాద్యకారునికి అది అన్నము. థియేటర్లలో పదుల సంఖ్యలో వయొలిన్లు, సెల్లోలు, వీణలు, డోలకులు వాయించుచు సంసారములు నడుపుకొనినవారు మదరాసులో వందలమంది యుండిరి. వారిలో తెలుగువారు తక్కువేమియు కాదు. వారి వేతనములకు, పనిగంటలకు ఒక కట్టుబాటు కలిగించినవాడు చిత్తూరులో జన్మించిన ఎం. బి. శ్రీనివాసన్ (1925–1988). స్వయముగా సంగీతదర్శకుడయ్యును ఆయన వాద్యకారుల పక్షమున నిలిచి సినీ మ్యుజీషియన్స్ యూనియన్‌ను స్థాపించెను. అంతకుముందు కూలి ఎంతయో, ఎప్పుడు చేతికి వచ్చునో పై వారి దయ. ఇన్నిగంటలకు ఇంత అను లెక్క పోరాడి తెచ్చుకొన్నది. సొంత గదిలో గంటల లెక్క లేకుండుట స్వేచ్ఛయే. కాని ఆ లెక్క లేనిచోట ఇరువదిమంది వయొలిన్లవారికి కుర్చీలును లేవు. తీగవాద్యముల ధ్వనిని కీబోర్డే ఇచ్చుచుండగా వారిని పిలుచుట ఎందులకు?

ఈ మార్పునకు ఒక పెరటి గదినే దోషిని చేయరాదు. కంప్యూటరు సంగీతమును ఇళయరాజా 1986లోనే 'పున్నగై మన్నన్' చిత్రమునకు వాడినట్లు ప్రసిద్ధి. ఆ చిత్రము మనకు 'డాన్స్ మాస్టర్'గా వచ్చినది. బొంబాయిలోను అదే గాలి వీచుచుండెను. ఒంటరిగ మెరయగల వాద్యకారునికి ఆ గది మేలే చేసినదని కూడ చెప్పవలెను. 'బొంబాయి' చిత్రపు ఇతివృత్తసంగీతమున 1995లో వేణువూదిన నవీన్ తెలుగువాడు. పేరులేని గుంపులో నొకడు కాక, పేరుగల కళాకారుడుగా ఆయన లోకమునకు తెలిసెను. క్యాసెట్టు అట్టలమీద వాద్యకారుల పేర్లను అచ్చువేయించు మర్యాదను రహమాన్ పాటించెను. దిలీప్‌గా కీబోర్డు బల్లవెనుక కూర్చున్న యేండ్లు మరచినవాడు అట్లు చేయడు. కాని గుంపులో వాయించి గుంపులోనే బ్రతికిన రెండవ వరుస వయొలిన్ మనిషికి అట్టమీద చోటు లేదు. ఆయన ఇంట పాఠములు చెప్పుకొనెను. పెండ్లి కచ్చేరీలకు పోయెను. కొందరు వాద్యమును పెట్టెలోనే పెట్టి మూసిరి. పాటలు ఇంపుగా నున్నవన్న మా సంతోషములో ఆయన నష్టము కొంత కలిసియున్నదని ఒప్పుకొనక తప్పదు.

గది పెరుగుచునే వచ్చెను. శబ్దమిశ్రమములో రహమానునకు కుడిభుజమై, జాతీయబహుమతులందుకొన్న ఇంజనీరు హెచ్. శ్రీధర్ 2008 డిసెంబరు 1న అకాలముగా కన్నుమూసెను. 2005లో కోడంబాకముననే ఎ. ఎం. స్టూడియోస్ అను విశాలమైన శాల వెలసినది. తల్లి నగలకు వచ్చిన యంత్రము చేసిన పనులు నేడు ఏ విద్యార్థి ఒడిలోని కంప్యూటరైనను చేయును. సత్యవేడులోనే ఒక మిద్దెగదిలో కిటికీకి దుప్పటి కట్టి పాట ముద్రించుకొనుట కష్టము కాదు.

2008లో రహమాన్ చెన్నపట్టణమున కె. ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ అను సంగీతవిద్యాలయమును స్థాపించెను. దానికి అనుబంధముగా బీదకుటుంబముల బాలబాలికలకు రుసుము లేక వయొలిన్, వయోలా, సెల్లో మొదలగు వాద్యములు నేర్పి సన్‌షైన్ ఆర్కెస్ట్రా యను వాద్యబృందమును కూర్చిరి. ఆ పిల్లలు వరుసలుగా కుర్చీలు వేసికొని, ఒకే కప్పు క్రింద, అందరును కలిసి వాయింతురు. ఒకరు తప్పినచో అందరును మొదటినుండి మొదలిడుదురు.